కుళాయి నీటిలో కాపలావాడు



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఆరవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి వ్రాసింది. వాళ్ళ ఇంట్లో ఒక గాజుతొట్టిలో మూడు బంగారుచేపలు ఉండేవట. ఒక ఆదివారంనాడు వాళ్ళ అన్నయ్య తొట్టి శుభ్రంగా తోమి, పాత నీళ్ళన్నీ పారబోసి, అప్పుడే కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు నిండా పోశాడట. సాయంత్రానికల్లా రెండు చేపలు వెల్లకిలా తేలాయి. "పంపునీళ్ళలో మందు కలుపుతారే తల్లీ! అది చేపలకు పడదు" అన్నదట నాయనమ్మ.

ఆ పిల్ల నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. "మాస్టరుగారూ! చేపలను చంపే నీళ్ళే మేము రోజూ తాగుతున్నాము గదా, మాకేమీ కాదా? ఆ మందును మరో మందు కలపకుండా నీళ్ళలోనుంచి తీసివేయడానికి ఉపాయం ఉన్నదా?"

చూశారా, ఎంత మంచి ప్రశ్నలో! ఈ రెండింటికీ జవాబు చెప్పుకోవాలంటే, అసలు ఆ మందు ఏమిటో, దానిని నీళ్ళలో ఎందుకు కలుపుతారో ముందు తెలుసుకోవాలి.

నాయనమ్మగారు చెప్పిన మందు పేరు క్లోరిన్. దీనిని 1774లో స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే మొదట తయారుచేశాడు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ దీనికి క్లోరిన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు అని అర్థం. విడిగా ఉన్నప్పుడు ఈ వాయువు రంగు అటువంటిదే. అది మహా ఘాటైనది, విషపూరితమైనది కూడాను. అదే క్లోరిన్ సోడియంతో కలిసినప్పుడు మనం కూరలో వేసుకునే ఉప్పు అవుతుంది. ఎవరితో కలిసి ఉన్నదీ అనేదాన్నిబట్టి దాని గుణం మారిపోతుందన్నమాట.

నీళ్ళలో కలిసిన క్లోరిన్ హైపోక్లోరస్ ఆమ్లం అనే పదార్థంగా మారుతుంది. ఇది సూక్ష్మజీవుల పైపొరను దాటి లోపలికి జొరబడి, వాటిని బతకనివ్వదు. ఇందుకు ఎంతో క్లోరిన్ అక్కరలేదు. శుద్ధిచేసిన నీటిలో, లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉండేలా కలిపి, అరగంటసేపు ఉంచితే చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. మీ మేడమీద వెయ్యి లీటర్ల తొట్టి ఉన్నదనుకోండి. దానికి లెక్క కట్టండి. అర గ్రాము! చిటికెడంత మందు వెయ్యి లీటర్ల నీటికి కాపలా కాస్తున్నది.

కాపలా ఎవరినుంచి అంటారా? చెబుతాను.

1854లో లండను నగరంలో సోహో అనే పేటలో కలరా చెలరేగింది. పది రోజులలో 500 మందికి పైగా చనిపోయారు. చెడుగాలివల్ల కలరా వస్తుందని ఆనాటి పెద్దలు చాలామంది నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం ఇంటింటికీ తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్ళు తాగారో విచారించాడు. ఎక్కువమంది బ్రాడ్ వీధిలోని ఒకే ఒక చేతిపంపు నీళ్ళు తాగినవారే! ఆయన అధికారులకు నచ్చజెప్పి ఆ పంపు పిడిని ఊడదీయించాడు. ఆ పంపు బావిలోకి పక్కనున్న మురుగుగుంటనుంచి ఊట చేరుతున్నదని తరువాత బయటపడింది. ముప్పై ఏళ్ళ తరువాత 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు మన కలకత్తాలో పరిశోధనలు చేసి, కలరాకు కారణం ఫలానా సూక్ష్మజీవి అని నిర్ధారించాడు.

శత్రువు ఎవరో తెలిసింది. మరి ఆయుధం? 1908 సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ నగరానికి వెళ్ళే మంచినీటిలో, జాన్ లీల్ అనే వైద్యుని సలహాపై, బ్లీచింగు పొడి ద్రావణం కలపడం మొదలుపెట్టారు. రోజుకు 4 కోట్ల గాలన్ల నీరు! ఒక పెద్ద నగరపు నీటికి ఏనాడూ ఆపకుండా క్లోరిన్ కలపడం ఆ దేశంలో అదే మొదలు. "తాగే నీళ్ళలో మందు కలుపుతావా?" అని ఆయనను న్యాయస్థానంలో నిలబెట్టి ప్రశ్నించారు. ఆయన జంకలేదు. తాను, తన ఇంటివారు ఆ నీళ్ళు తాగడానికి సిద్ధమేనని చెప్పాడు. న్యాయస్థానం చివరకు ఆయన పద్ధతినే ఒప్పుకున్నది. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే ఊరూరా ఈ పద్ధతి పాకిపోయింది. టైఫాయిడ్ జ్వరం తగ్గుముఖం పట్టింది.

ఇక్కడ మనకు సంబంధించిన చిత్రమైన సంగతి ఒకటి ఉన్నది. సరిగా రెండు రోజుల తరువాత, 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అటువంటి వరద మళ్ళీ రాకుండా విశ్వేశ్వరయ్యగారి సలహాతో గండిపేట చెరువు కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువే నగరానికి దాహం తీర్చే చెరువు కూడా అయింది. ఇక్కడ నీరు దొరికింది, అక్కడ నీటిని కాపాడే ఉపాయం దొరికింది. రెండూ ఒకే వారంలో మొదలైన కథలు!

సరే, శుద్ధిచేసే చోటనే సూక్ష్మజీవులు చచ్చిపోతే, మన ఇంటి కుళాయిదాకా క్లోరిన్ వాసన ఎందుకు రావాలి? అని మీరడగవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉన్నది.

మన ఊళ్ళలో కుళాయి రోజంతా రాదు. చాలాచోట్ల కొన్ని గంటలే వస్తుంది. నీరు వచ్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, పగులు ఉంటే లోపలి నీరు బయటికి చిమ్ముతుంది. నీరు ఆగిపోయినప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు పక్కన మురుగుకాలువ ఉంటే, ఆ మురుగు అదే పగులులోనుంచి లోపలికి దూరుతుంది. మర్నాడు నీళ్ళు వదలగానే అది మన బిందెలోకి వస్తుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 

అందుకని దారి పొడుగునా కాపలా ఉండాలి. శుద్ధిచేసే చోట పని ముగించుకున్న తరువాత కూడా నీటిలో కొంచెం క్లోరిన్ మిగిలేలా కలుపుతారు. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణం. గొట్టంలోకి కొద్దిపాటి మలినం దూరితే ఆ మిగులు క్లోరిన్ దానితో పోరాడుతుంది. మురుగు ఎక్కువగా కలిస్తే పాపం ఆ కాపలావాడూ చాలడు. అందువల్ల నీళ్ళు మురికిరంగులోనో, చెడువాసనతోనో వస్తే తాగకూడదు. వెంటనే పెద్దలకు చెప్పాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చేపకు కీడుచేసినది మనకెందుకు చేయదు?

చేప ఊపిరి పీల్చేది మొప్పలతో. మొప్పలలోని పొరలు బహు పలుచన. నీటిలోని ప్రాణవాయువు వాటిగుండా తిన్నగా రక్తంలో చేరాలి గదా! చేప రాత్రింబగళ్ళు ఆ పొరలమీదుగా నీళ్ళు పారిస్తూనే ఉంటుంది. నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఆ పలుచని పొరలు దెబ్బతింటాయి. లీటరుకు మిల్లీగ్రాములో పదోవంతు కూడా చాలా చేపలకు ప్రమాదమే. మనం మాత్రం నీళ్ళు తాగుతాము, పీల్చము. నోటిలోని ఉమ్మితోను, కడుపులోని ఆహారంతోను కలిసి ఆ కాస్త క్లోరిన్ ఖర్చయిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములవరకు ఉన్న నీరు జీవితమంతా తాగినా హాని లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించింది. మన కుళాయిలో ఉండేది అందులో పదోవంతో, ఆ చుట్టుపక్కలో! కాబట్టి అమ్మాయీ, నీవు భయపడనక్కరలేదు.

ఇంకొక మాట. తొట్టిలో నీళ్ళన్నీ ఒక్కసారే మార్చడం కూడా చేపలకు కష్టమే. నీటి వెచ్చదనం ఉన్నట్టుండి మారిపోతుంది. చేపల మలినాలను హరించే మేలైన సూక్ష్మజీవులు కొన్ని ఆ తొట్టిలోనే కాపురముంటాయి. తొట్టి గట్టిగా తోమితే అవీ పోతాయి. ఒక్కొక్కసారి పావువంతు నీళ్ళు మాత్రం మార్చండి. ఆ మార్చే నీళ్ళను ముందుగా ఎలా సిద్ధం చేసుకోవాలో ఇప్పుడు చెబుతాను.

ఇది మీ రెండవ ప్రశ్న. మందు వేయకుండా క్లోరిన్‌ను పంపించే ఉపాయాలు నాలుగు ఉన్నాయి.

మొదటిది, ఊరక ఉంచడం. నీళ్ళు ఒక వెడల్పాటి పళ్ళెంలోనో, బేసినులోనో పోసి, పలుచని గుడ్డ కప్పి కదపకుండా ఉంచాలి. క్లోరిన్ కొంత గాలిలో కలుస్తుంది. కొంత నీటిలోని ఇతర పదార్థాలతో కలిసి ఖర్చవుతుంది. మూతి సన్నగా ఉన్న సీసాలో నిండా పోసి బిరడా బిగిస్తే అది అంత త్వరగా పోదు. నీటికి గాలి ఎంత తగిలితే అంత మంచిది. కాఫీ చల్లార్చడానికి రెండు గ్లాసులతో తిరగబోస్తారు చూడండి, అలా పదిపన్నెండుసార్లు తిరగబోస్తే ఇంకా త్వరపడుతుంది. తాగే నీళ్ళ వాసన తగ్గడానికి ఒక రాత్రి చాలు. చేపల తొట్టికి మాత్రం నిండా ఒక రోజు ఆగాలి, రెండు రోజులైతే మరీ మంచిది.

రెండవది, ఎండ. సూర్యకాంతిలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. అవి తగిలినప్పుడు నీటిలోని క్లోరిన్ విడిపోయి, ఉప్పులో ఉండే క్లోరైడుగా మారుతుంది. కొంచెం ప్రాణవాయువు కూడా వెలువడుతుంది. నడిమధ్యాహ్నపు ఎండలో వెడల్పు పళ్ళెంలో ఉంచిన నీటిలో గంట, రెండు గంటలలోనే క్లోరిన్ చాలావరకు పోతుంది. అయితే కిటికీ అద్దం వెనుక పెట్టి "ఎండలో పెట్టాను గదా" అనకండి. ఆ కిరణాలలో చాలాభాగాన్ని అద్దం అడ్డుకుంటుంది. నీళ్ళు మిట్ట ఎండలో ఆరుబయట ఉండాలి. ఇది చేపలకూ మొక్కలకూ మంచి పద్ధతి. ఆరుబయట దుమ్ము, పురుగులు పడతాయి కాబట్టి తాగే నీటికి తగదు.

మూడవది, కాచడం. ఇది పెద్దవాళ్ళ చేత చేయించండి. నీళ్ళు సలసల మరిగితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకు ఒక్క నిమిషం చాలు. కాని క్లోరిన్ పూర్తిగా పోవాలంటే పదిహేను, ఇరవై నిమిషాలు మరగాలి. మూత పెట్టకూడదు. చూశారా, సూక్ష్మజీవి కన్నా క్లోరినే మొండిది! నీళ్ళు బాగున్నప్పుడు ఒక్క వాసనకోసం ఇంతసేపు గ్యాసు తగలెయ్యడం పొదుపైన పని కాదు. నీళ్ళమీద అనుమానం ఉన్నప్పుడు మాత్రం తప్పక కాచి తాగాలి.

నాలుగవది, బొగ్గు. ఇది అన్నింటికన్నా తమాషా అయినది. కొబ్బరిచిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును బాగా వేడిచేసి ఆవిరి పట్టిస్తే, దానినిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. దీనిని ఉత్తేజిత కర్బనం అంటారు. ఇటువంటి బొగ్గు ఒక గ్రాములో లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే 500 నుంచి 1000 చదరపు మీటర్లు ఉంటుంది. వాలీబాలు ఆడే స్థలం 162 చదరపు మీటర్లు. అంటే ఒక గ్రాము బొగ్గులో మూడునుంచి ఆరు వాలీబాలు కోర్టులు ఇమిడి ఉన్నాయన్నమాట! నీరు ఆ రంధ్రాలగుండా పోయేటప్పుడు క్లోరిన్ బొగ్గుతో కలిసి క్లోరైడుగా మారిపోతుంది. ఇందుకు క్షణాలే చాలు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువులనుంచి సైనికులను కాపాడిన ముసుగులలోనూ ఇటువంటి బొగ్గే పెట్టారు. ఇప్పుడు గోడకు తగిలించే నీటిశుద్ధి యంత్రాలలోను ఒక గొట్టంలో ఇదే ఉంటుంది. పొయ్యిలోని మామూలు బొగ్గుకు ఇంత శక్తి లేదు. పైగా మసి కలుస్తుంది. దానితో ఈ పని చేయబోకండి.

అయిదో ఉపాయమని చెప్పను గాని, వంటింటి కిటుకు ఒకటి ఉన్నది. ఒక లీటరు నీటిలో ఒక చెంచా నిమ్మరసం పిండి చూడండి, క్లోరిన్ వాసన పోతుంది. నిమ్మరసంలోని సి విటమినుకు క్లోరిన్‌ను హరించే గుణం ఉన్నది. "అది మందు కాదు గదా!" అంటారేమో. అంగడిలో సీసాలో కొంటే మందు, చెట్టున కాస్తే నిమ్మకాయ. పదార్థం ఒక్కటే! ఇది మనకే గాని చేపలకు కాదు. పులుపు వాటికి పడదు.

ముక్కును నమ్మి మోసపోయే చోటు కూడా ఒకటి ఉన్నది. కుళాయి నీళ్ళు సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెడితే గంటలో వాసన తగ్గినట్లు ఉంటుంది. కాని క్లోరిన్ పోలేదు. చల్లటి నీటినుంచి వాసన తక్కువగా లేస్తుంది, అంతే. ఆ నీళ్ళు వెంటనే చేపలకు పోస్తే మళ్ళీ ఆదివారంనాటి కథే.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన మాట. తల్లిదండ్రులు కూడా దీనిని చదవాలని నా కోరిక.

క్లోరిన్‌ను తీసివేయడమంటే కాపలావాడిని ఇంటికి పంపివేయడమే. ఆ తరువాత ఆ నీటిలో ఒక్క మురికి వేలు పడినా అడ్డుకునేవారు ఎవరూ ఉండరు. పొద్దున పట్టిన బిందెడు నీళ్ళలో సాయంత్రానికి కాపలా తగ్గిపోతుంది. మర్నాటికి దాదాపు ఉండదు. పైగా అందులో ఇంటిల్లిపాదీ గ్లాసు ముంచుతారు, ఆ గ్లాసుతోపాటు వేళ్ళూ మునుగుతాయి. గొట్టంలో మైళ్ళకొద్దీ భద్రంగా వచ్చిన నీళ్ళు మన వంటింటి గడపలో చెడిపోతాయి!

అందుకని కొన్ని నియమాలు పెట్టుకోండి. పట్టిన నీళ్ళు కడిగిన పాత్రలో, మూతపెట్టి, క్లోరిన్‌తోనే ఉంచండి. వాసన పోగొట్టాలంటే ఆ రోజు తాగేందుకు కావలసిన నీటికి మాత్రమే పోగొట్టండి. వాసన పోయిన నీటిని మరొక రోజుకు దాచకండి. బిందెలో గ్లాసు ముంచకుండా, పొడుగు కాడ ఉన్న గరిటెతో తీయండి, లేదా కుళాయి ఉన్న పాత్ర వాడండి. గోడకు తగిలించిన యంత్రంలో బొగ్గు గొట్టాన్ని వేళకు మార్పించండి. క్లోరిన్ లేని ఆ తడిచోటున సూక్ష్మజీవులు స్థావరం ఏర్పరచుకుంటాయి. ఊళ్ళో వాంతులు, విరేచనాలు ఉన్న రోజులలో వాసన సంగతి మరచిపోండి. ఆ రోజులలో క్లోరిన్ వాసన వస్తే సంతోషించండి, రాకపోతే విచారించండి.

క్లోరిన్ నీటిలోని కుళ్ళిన ఆకు, చెత్తలనుంచి వచ్చిన పదార్థాలతో కలిసి కొన్ని కొత్త పదార్థాలు పుడతాయని, అవి మంచివి కావని పెద్దలు కొందరు పత్రికలలో చదివి ఉంటారు. నిజమే. 1974లో హాలండులో రూక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి బయటపెట్టాడు. అప్పటినుంచి వాటికి హద్దులు ఏర్పరచారు. క్లోరిన్ కలపడానికి ముందే నీటిని బాగా వడగట్టి తేర్చితే అవి తక్కువగా పుడతాయి. బొగ్గు కూడా వాటిని కొంత పట్టుకుంటుంది. అంతేగాని, వాటికి జడిసి క్లోరిన్ మానివేయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ గట్టిగా చెబుతున్నది. ఆ పదార్థాలవల్ల అపాయం ఎన్నో ఏళ్ళకు రావచ్చు, రాకపోవచ్చు. కలరా అయితే తెల్లవారేసరికి వస్తుంది.

ఈ పత్రికను అమెరికాలో చదివే మన పిల్లలకు ఒక హెచ్చరిక. అక్కడ చాలా నగరాలలో క్లోరిన్‌కు అమ్మోనియా చేర్చి, క్లోరమీన్ అనే పదార్థంగా వాడతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2004నుంచి ఇదే పద్ధతి. క్లోరమీన్ దీర్ఘకాలం నిలుస్తుంది. రాత్రి పళ్ళెంలో పోసి ఉంచితే పొద్దుటికి పోయేది కాదు. అది కూడా చేపలకు హాని చేస్తుంది. కాబట్టి మీ ఊరి నీటిలో ఏది కలుపుతారో అమ్మానాన్నలచేత విచారింపజేసి, ఆ తరువాతనే చేపలను పెంచండి. క్లోరమీన్ అయితే మంచి బొగ్గు వడపోత కావాలి.

ఈ బొగ్గు వడపోత మనుషుల ప్రాణాలు కూడా కాపాడుతున్నది. మూత్రపిండాలు పనిచేయని రోగులకు ఆసుపత్రులలో యంత్రంతో రక్తం శుభ్రం చేస్తారు. ఒక్కొక్క విడతకు సుమారు 120 లీటర్ల నీరు, ఒక పలుచని పొరకు అవతలగా, రోగి రక్తాన్ని ఆనుకొని పారుతుంది. చేప మొప్పల సంగతి చెప్పుకున్నాం గదా, ఇదీ అటువంటిదే! నీటిలో క్లోరిన్, క్లోరమీన్ మిగిలి ఉంటే రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకని అక్కడ నీటిని ముందు బొగ్గు తొట్లగుండా పంపి, క్లోరిన్ పోయిందో లేదో పరీక్షించిన తరువాతనే యంత్రానికి ఎక్కిస్తారు. మనం తాగితే ఏమీ చేయనిది, రక్తాన్ని తాకితే ప్రమాదం. నీళ్ళు మంచివా, చెడ్డవా అని అడిగితే చాలదు, ఎవరికి, ఎందుకు అని కూడా అడగాలి.

ఇప్పుడు మీ చేత ఒక పరీక్ష చేయిస్తాను. బడిలో నేను పిల్లలచేత చేయించినదే ఇది. ముందురోజు కుళాయి నీళ్ళు ఒక వెడల్పు పళ్ళెంలో పోసి గుడ్డ కప్పి ఉంచండి. అవే నీళ్ళు ఒక సీసాలో నిండా పోసి బిరడా బిగించి చీకటిలో ఉంచండి. మరికొన్ని నీళ్ళు అమ్మచేత ఇరవై నిమిషాలు కాయించి చల్లార్చండి. మర్నాడు కుళాయి రాగానే కొత్త నీళ్ళు పట్టండి. నాలుగు రకాల నీళ్ళూ నాలుగు ఒకేరకం గ్లాసులలో, ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా ఉంచండి. ఇప్పుడు మీరు గదినుంచి బయటికి వెళ్ళాలి. మరొకరు గ్లాసుల కింద చీటీలు పెట్టి, వరుస మార్చివేయాలి. మీరు వచ్చి వాసన చూసి, కొత్తనీళ్ళు ఏవో కాగితంమీద వ్రాసి, ఆ తరువాతనే చీటీ తీయండి.

చీటీలు ఎందుకంటారా? ఏ గ్లాసులో ఏమున్నదో ముందే తెలిస్తే, ముక్కు మన మనసు చెప్పిన మాటనే చెబుతుంది. ఒక్కసారి సరిగా చెప్పినంత మాత్రాన గెలిచినట్లు కాదు. ఊరక ఊహించి చెప్పినా నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నది. వరుసగా మూడుసార్లు ఊహతో నెగ్గడానికి 64లో ఒక వంతే అవకాశం. కాబట్టి మూడుసార్లు చేయండి. మీ బడిలో గాని, పంచాయతీలో గాని మిగులు క్లోరిన్‌ను రంగుతో చూపే పరీక్షపెట్టె ఉంటే, మాస్టరుగారి నడిగి మీ ముక్కు చెప్పినదానిని దానితో సరిచూసుకోండి.

ఒక జాగ్రత్త. బ్లీచింగు పొడిని పిల్లలు ముట్టరాదు. దానితో స్నానాలగది కడిగే యాసిడ్ ఎన్నడూ కలపకూడదు. కలిపితే విషవాయువైన క్లోరిన్ బుస్సున లేస్తుంది. మూసిన గదిలో అయితే ప్రాణాపాయం. ఈ మాట ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి.

ఈ నెల లెక్క: ఒక ఊరి నీటితొట్టిలో 2 లక్షల లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు 0.5 మిల్లీగ్రాము చొప్పున క్లోరిన్ ఉండాలంటే మొత్తం ఎన్ని గ్రాములు కావాలి? బ్లీచింగు పొడిలో నాలుగోవంతు మాత్రమే పనికివచ్చే క్లోరిన్ ఉంటే, ఎంత పొడి కలపాలి? కార్డుమీద జవాబుతోపాటు, మీ ఇంట్లో తాగే నీళ్ళు ఏ పాత్రలో ఉంచుతారో, ఎలా తీస్తారో కూడా వ్రాయండి. జవాబు వచ్చే నెల సంచికలో చూడవచ్చు.